ఫేర్‌వెల్ ముందు పిల్లలు అడిగే ప్రశ్నలు: కడిగితే పోయేవి, పోనివి

ఫిబ్రవరి వచ్చిందంటే సాయంత్రం ఐదు దాటాక తిరుపతిలో మా పార్లర్ నిండా యూనిఫాం పిల్లలే. ముందు పదో తరగతి ఫేర్‌వెల్, ఆ వెనకే పబ్లిక్ పరీక్షలు, పరీక్షలయ్యాక తిరుమల కొండ మీద మొక్కులు. కొర్లగుంట నుంచి, బైరాగిపట్టెడ నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి వస్తారు. ఒకరు ఐబ్రోస్ చేయించుకుంటారు, మిగతావాళ్ళు ప్రశ్నలేస్తారు. "అక్కా, ఈ క్రీము మంచిదా, అది మంచిదా?" "స్మూతెనింగ్ చేయిస్తే ఎన్నాళ్ళుంటుంది?" "లంగా ఓణీ కట్టుకోవాలా, గౌను వేసుకోవాలా?" పద్నాలుగేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. తల్లులు కూడా చదవాలి, డబ్బులిచ్చేది మీరే కాబట్టి.

ఎంచుకోవడానికి నేను చూసేది ఒక్కటే. వద్దనుకున్న రోజున అది పోతుందా, పోదా? మే నెలలో మన తాతయ్యగుంట గంగమ్మ జాతరకి పిల్లా పెద్దా వేషాలు కడతారు కదా. బైరాగి వేషానికి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. ఒళ్ళంతా పూసుకుని వీధులన్నీ తిరిగి, ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుంటే మన మొహం మళ్ళీ మనకొస్తుంది. పదిహేనేళ్ళప్పుడు అలంకారం అట్లా ఉండాలనేది నా నమ్మకం. కాటుక, లిప్‌స్టిక్, గోళ్ళరంగు, గాజులు, పూలు, జడలో రకాలు, ఇవి రోజుకొకటి మార్చుకున్నా నేనేమీ అనను. చూసుకుని సంబరపడే వయసు అది. చర్మంలోకీ వెంట్రుకలోకీ దిగి అక్కడే ఉండిపోయేవాటి దగ్గర మాత్రం ఆగండి.

తెల్లబడే క్రీమా, సన్‌స్క్రీనా?

అందరికంటే ఎక్కువ అడిగేది ఇదే, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. ఫెయిర్ అండ్ లవ్‌లీ 1975లో వచ్చింది. 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్‌లీ అయింది. మన ఇళ్ళల్లో మాత్రం "పాప కొంచెం రంగు తక్కువ" అనే మాట అట్లాగే ఉంది. ఆ మాట విని పెరిగిన పిల్ల ఎనిమిదో తరగతికే క్రీము వెతుక్కుంటుంది.

నా దగ్గరికి వచ్చిన పిల్లకి ముందు ఒక పని చెప్తాను. భుజం కింద చెయ్యి లోపలివైపు, ఎండ తగలని చోట చూసుకో. నీ రంగు అది. మొహం, మెడ, ముంజేతులు అంతకంటే బాగా నల్లగా ఉన్నాయంటే చాలావరకు ఎండ పనే. సైకిల్ మీద బడికి పోవడం, గేమ్స్ పీరియడ్, మధ్యాహ్నం బస్టాపులో నిలబడటం. ఎండ నుంచి కాపాడుకుంటే ఆ నలుపు నెలల మీద తగ్గుతుంది. నీ సొంత రంగు కంటే తెల్లగా చేస్తానని ఏ క్రీమైనా చెప్పిందంటే, అది అబద్ధమైనా చెప్తూ ఉండాలి, లోపల ప్రమాదమైన మందైనా ఉండాలి.

ఆ మందు సంగతి వివరంగా చెప్పాలి. మా వీధిలోనే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, వాళ్ళమ్మ ఒక మందుల షాపులో "తెల్లబడటానికి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే ఇచ్చిన చిన్న ట్యూబు రాసుకుంది. రెండు వారాల్లో మొహం మెరిసింది. బంధువులంతా ఏం రాస్తున్నావని అడిగారు. మూడు నెలలు తిరిగేసరికి బుగ్గలు ఎర్రబడ్డాయి, గుంపుగా మొటిమలు లేచాయి, చెంపల మీద నూగు ఒత్తుగా వచ్చింది. భయపడి ఆపితే మంట తట్టుకోలేకపోయింది, మళ్ళీ అదే రాసింది. నా దగ్గరికి ఫేషియల్ చేయమని వచ్చారు. నేను చేయి పెట్టలేదు, నేరుగా రుయా ఆసుపత్రిలో చర్మం డాక్టర్ల దగ్గరికి పంపాను. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. మొహం మామూలుగా కావడానికి దాదాపు ఏడాది పట్టింది.

అందుకే ట్యూబు మీద పేర్లు చదవడం నేర్చుకోండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్. ఈ మూడింట్లో ఏది కనిపించినా, డాక్టర్ చూసి రాసిస్తే తప్ప మొహానికి రాయకండి. ఇవి ఎగ్జిమా లాంటి జబ్బులకి, కొన్ని రోజులకని వాడే మందులు. ఫంగస్ వల్ల వచ్చే తామరకి ఇవి పనికిరావు, ఇంకా ముదరబెడతాయి. 2018లోనే ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చేవాళ్ళున్నారు. పేరూ ఊరూ లేని డబ్బాల్లో వచ్చే "నైట్ క్రీములు" ఇంకా భయం. అట్లాంటి వాటిలో పాదరసం కలుపుతున్నట్టు చాలా దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. పాదరసం చర్మం గుండా ఒంట్లోకి పోయి కిడ్నీలను దెబ్బతీస్తుంది. తయారుచేసిన కంపెనీ చిరునామా, లైసెన్సు నంబరు, లోపలున్న వస్తువుల జాబితా లేని డబ్బా ఏదైనా, స్నేహితురాలు ఇచ్చినా సరే, పక్కన పెట్టేయండి.

ఇక సన్‌స్క్రీన్. పిల్లలు ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 కొనాలా, 50 కొనాలా అని తర్జనభర్జన పడతారు. 30 సుమారు 97 శాతం అతినీలలోహిత-బి కిరణాలను ఆపితే, 50 సుమారు 98 శాతం ఆపుతుంది. తేడా అంతే. నల్లబడటానికి కారణమయ్యే ఇంకో రకం కిరణాల కోసం డబ్బా మీద పీఏ అని ఉండి దాని పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉన్నాయో లేదో చూడండి. ధర, బ్రాండు ఆ తర్వాత. జిడ్డు చర్మం ఉంటే జెల్ రకం, పొడి చర్మమైతే క్రీము. చామనఛాయ పిల్లలకి కొన్ని రకాలు బూడిద రాసినట్టు తెల్లగా కనబడతాయి, అందుకని మొదట చిన్న ప్యాక్ కొని చూడండి.

అసలు తప్పు జరిగేది ఎంత రాయాలనే దగ్గర. శనగగింజంత తీసుకుని మొహమంతా సర్దుతారు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పెడితే ఎంత వస్తుందో అంత కావాలి, మొహానికీ మెడకీ కలిపి. ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. ఇంత కొనలేని ఇల్లు అయితే దిగులు పడొద్దు. గొడుగు, పొడుగు చేతుల చొక్కా, తలమీదుగా చున్నీ. మన ఊరి మే నెల ఎండకి ఇవి రోజంతా పనిచేస్తాయి, ప్రతి నెలా కొనక్కర్లేదు. మగపిల్లలకీ ఇదే మాట. గ్రౌండులో క్రికెట్ ఆడే అబ్బాయిలు టోపీ పెట్టుకుంటే వాళ్ళ ప్రశ్నల్లో సగం తగ్గిపోతాయి.

సున్నిపిండా, ఫేస్‌వాషా?

సున్నిపిండి మీద నాకు ప్రేమ ఉంది. పండగ రోజు నూనె రాసుకుని సున్నిపిండితో తలంటు పోసుకునే సుఖం ఏ ట్యూబులోనూ లేదు. కానీ మొటిమలున్న మొహం మీద రోజూ బరకగా రుద్దితే అవి రేగుతాయి. కాబట్టి ఒంటికి సున్నిపిండి, మొటిమల మొహానికి ఫేస్‌వాష్ అని చెప్తాను. మొటిమలు లేని పిల్ల మొహానికి కూడా సున్నిపిండి రాసుకోవచ్చు, మెత్తగా జల్లించి, వారానికి ఒకటి రెండు సార్లు. ఇంట్లో పట్టిస్తే పెసలు, కస్తూరి పసుపు, ఎండిన గులాబీ రేకులు, వట్టివేళ్ళు సరిపోతాయి. కొంతమంది బావంచాలు అనే గింజలు కూడా వేస్తారు. అవి పూసుకుని ఎండలోకి పోతే కొందరికి చర్మం కమిలి మచ్చలు పడతాయి, పిల్లల పిండిలో వాటిని మానేయండి. నిమ్మరసం కూడా అంతే. నిమ్మకాయ రుద్దుకుని ఎండకి వెళ్ళి బుగ్గ మీద నల్లమచ్చతో వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను.

మొటిమ మీద టూత్‌పేస్టు వద్దు, గిల్లడం వద్దు. సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్ నల్లచుక్కలకీ చిన్న మొటిమలకీ పనికొస్తుంది. చీము పట్టే ఎర్ర మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ బాగా పనిచేస్తుంది. డాక్టర్‌ని అడిగి తక్కువ శాతం ఉన్న జెల్‌తో మొదలుపెట్టండి. అది తగిలిన తువ్వాలూ దిండు గలీబూ రంగు పోతాయి, తెల్లవి వాడుకోండి. ఏది మొదలుపెట్టినా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. పిల్లలు నాలుగు రోజులకోసారి మందు మారుస్తారు, అప్పుడు ఏది పనిచేసిందో వాళ్ళకే తెలియదు. గడ్డల్లాగా లేచి గుంటలు పడుతుంటే మాత్రం ఇంటి వైద్యమూ వద్దు, పార్లరూ వద్దు. గుంట పడ్డాక పూడ్చడం కష్టం, డాక్టర్ దగ్గరికి ముందే వెళ్ళాలి.

జుట్టు

ఫేర్‌వెల్‌కి స్మూతెనింగ్ (మందు పెట్టి, వేడితో జుట్టు సాపు చేయడం) చేయమని అడిగితే నేను హైస్కూల్ పిల్లలకి చేయను. ఆ ఆదాయం నాకు అక్కర్లేదు. కొన్ని మందులను వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, కళ్ళూ గొంతూ మండుతాయి. "ఫార్మాల్డిహైడ్ లేదు" అని రాసి ఉన్న కొన్నింటిలో గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉంటుంది. అవి తలకి పెట్టించుకున్నాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఇదంతా ఒక్క సాయంత్రం ఫోటోల కోసమా? ఆ ఒక్క రోజుకి సాఫ్ట్‌గా ఉండాలంటే బ్లో డ్రై చేయించుకోండి, లేదా ముందు వేడి తట్టుకునే సీరం రాసి ఒక్కసారి ఐరనింగ్ చేయించుకోండి. తలస్నానం చేస్తే మీ జుట్టు మీకు తిరిగొస్తుంది.

జుట్టుకి రంగు కూడా నేను వద్దనే చెప్తాను, అబ్బాయిలకి ముఖ్యంగా. బ్లీచ్ చేసి వేసిన రంగు నచ్చకపోయినా, బళ్ళో ఒప్పుకోకపోయినా, అది పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది.

ఆ లెక్క మన ఊరి పిల్లలకి ఇంకోచోట అవసరం. పదో తరగతి అయ్యాక కళ్యాణకట్టలో తలనీలాలు ఇస్తానని మొక్కుకున్న ఆడపిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతారు, కాలేజీ తెరిచేలోపు ఎంత వస్తుందక్కా అని. ఏప్రిల్‌లో ఇస్తే జూన్‌కి రెండు సెంటీమీటర్లు, మళ్ళీ సంక్రాంతికి చెవుల దాకా. ఇది ముందే తెలిస్తే పిల్ల మనసు సిద్ధమవుతుంది. ఇష్టపడి ఇచ్చిన పిల్ల గుండుతో కాలేజీకి తలెత్తుకుని పోతుంది, నేను చూశాను. పిల్లకి ఇష్టం లేకపోతే తల్లులు బలవంతం చేయకండి, మూడు కత్తెర్లు ఇచ్చే పద్ధతి కూడా మనకు ఉంది కదా.

కుంకుడుకాయా షాంపూనా అంటే, ఓపిక ఉన్న ఆదివారం కుంకుడు, బడి రోజుల్లో షాంపూ. కుంకుడు రసం కళ్ళల్లో పడితే ఎంత మంటో అందరికీ తెలుసు. బోరు నీళ్ళు బాగా ఉప్పగా ఉన్న ఇళ్ళల్లో జుట్టు బిరుసుగా అవుతుంది. ఆఖరున ఒక చెంబు మంచినీళ్ళు పోసుకుంటే తేడా తెలుస్తుంది.

పెదవి మీద నూగుకి త్రెడింగ్ చాలు. చేతులకి వ్యాక్స్ అడుగుతారు, మొదటిసారైతే ఫేర్‌వెల్‌కి వారం ముందు చేయించుకోండి, కొందరికి చిన్న కురుపులు లేస్తాయి. ఇంట్లో రేజర్ వాడితే వెంట్రుక మందంగా వస్తుందనేది నిజం కాదు, మొద్దుగా తెగడం వల్ల అట్లా అనిపిస్తుంది. బ్లీచ్ మాత్రం ఈ వయసు మొహానికి చేయను. ఎవరైనా చేస్తామన్నా చేయించుకోకండి.

లంగా ఓణీ, గౌను, చీర

ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. ఒక్కసారే కొనగలిగితే లంగా ఓణీ కొనండి. గౌను ఫోటోలో బాగుంటుంది, ఆ తర్వాత ఎక్కడికి వేసుకుపోతారు? లంగా ఓణీ అయితే ఇంట్లో పెళ్ళికి పనికొస్తుంది, వరలక్ష్మీవ్రతానికి పనికొస్తుంది, కొండ మీద సేవకి పోయినప్పుడు సంప్రదాయ దుస్తుల నియమానికి సరిపోతుంది. చీర కట్టుకోవాలని సరదాపడే పిల్లలూ ఉంటారు. కట్టుకోనివ్వండి, కానీ అమ్మ చీరే, కొత్తది కొనకుండా. పిన్నులు సరిగ్గా పెట్టే మనిషి పక్కన ఉంటే చాలు.

రెడీమేడా, కుట్టించాలా అన్నది అసలైన ప్రశ్న. గాంధీ రోడ్డు షాపుల్లో రెడీమేడ్ లంగా ఓణీలు రకరకాలు దొరుకుతాయి. చేతికి వెంటనే వస్తుంది, రంగు మొహం మీద పెట్టి చూసుకోవచ్చు. లోపల తిప్పి చూడండి. కుట్టు పక్కన గుడ్డ అరంగుళం కూడా ఉండదు. పదిహేనేళ్ళ పిల్ల ఒక్క ఏడాదిలో పెరిగిపోతుంది, అప్పుడు విప్పి వదులు చేయడానికి ఏమీ మిగలదు. మెరిసే పాలిస్టర్ లంగాకి అడుగున గట్టి నెట్ వేసి ఉంటే ఫిబ్రవరి మధ్యాహ్నం రెండు గంటల ఫంక్షన్‌లో పిల్ల చెమటతో తడిసిపోతుంది.

అమ్మ దగ్గర కట్టుకోని పట్టుచీర ఉంటే అంతకంటే మంచిది లేదు. చీర పన్నాయే (వెడల్పే) లంగా పొడవు అవుతుంది, అంచు కింద అట్లాగే వచ్చేస్తుంది. నాలుగు మీటర్ల దాకా కుచ్చిళ్ళకి పెడితే నిండుగా ఉంటుంది, పమిటకొంగు మిగిలితే జాకెట్‌కి చేతులు వస్తాయి. ఓణీకి రెండున్నర మీటర్ల గుడ్డ విడిగా కొనాలి. టైలర్‌కి రెండు మాటలు తప్పకుండా చెప్పండి: నడుము దగ్గర మడిచి కుట్టమని, జాకెట్‌కి రెండు పక్కలా అంగుళంన్నర వదలమని. అట్లా కుట్టించింది ఇంటర్ రెండో ఏడాదికి కూడా సరిపోతుంది. ఒక్క చిక్కు టైమే. ఫిబ్రవరిలో టైలర్ల దగ్గర రద్దీ, సంక్రాంతి కాగానే ఇచ్చేయాలి. పాత పట్టు మడతల దగ్గర చిరుగుతుంది, కత్తెర వేసే ముందు వెలుతురుకి పట్టి చూడండి.

కొత్త గుడ్డ కొనేటట్టయితే మన పక్క ఊళ్ళను మరిచిపోకండి. వెంకటగిరి నూలు ఓణీగా వేసుకుంటే ఒంటి మీద ఉన్నట్టే ఉండదు, అంత పల్చన. శ్రీకాళహస్తి కలంకారీ జాకెట్ పట్టు లంగా మీదకీ, రేపు మామూలు కాటన్ చీర మీదకీ నప్పుతుంది. కలంకారీ అని అమ్మేదంతా చేతితో వేసింది కాదు. గుడ్డని కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టి, వెదురు కలంతో గీసి, రంగులు ఒక్కొక్కటే వేస్తారు. కొత్త గుడ్డకి కొంచెం పాల వాసన ఉంటుంది, గీతలు ఒకదానిలాగా ఇంకొకటి ఉండవు. ఒకే బొమ్మ మీటరుకోసారి అచ్చుగుద్దినట్టు వస్తుంటే అది ప్రింటు. ప్రింటు కొనడం తప్పేమీ కాదు, ప్రింటు ధరకే కొనండి.

అబ్బాయిలు తెల్లచొక్కా, పంచె కడితే చూడముచ్చటగా ఉంటారు. కోటు అద్దెకి తెచ్చుకునేకంటే ఒక మంచి చొక్కా కొలతలిచ్చి కుట్టించుకోవడం మేలు, అది కాలేజీకి కూడా వేసుకోవచ్చు.

నగలూ గోరింటాకూ

ఒక్క సాయంత్రానికి బంగారం పెట్టి పంపకండి, పోతే పిల్లకి ఆ రోజంతా ఏడుపే. కవరింగ్ నగలు చాలు. చెవులకి దురద, రసి వచ్చే పిల్లలకి నికెల్ పడదని అర్థం. వాళ్ళకి దిద్దుల వరకైనా బంగారమో, మంచి వెండో ఉండాలి, హారం జాకెట్ మీద పడేట్టు వేస్తే సమస్య లేదు. ముక్కు కుట్టించుకోవాలంటే పరీక్షలయ్యాక, మానడానికి టైము పడుతుంది.

గోరింటాకు రుబ్బి పెట్టుకుంటే నారింజగా మొదలై మర్నాటికి ఎర్రగా పండుతుంది. కోన్ కొంటే అది కూడా అట్లాగే పండాలి. పది నిమిషాల్లో నల్లగా పండుతుందనే కోన్‌లో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలిపి ఉండొచ్చు. కొందరికి బొబ్బలు లేస్తాయి, ఒకసారి పడలేదంటే జీవితాంతం పీపీడీ ఉన్న జుట్టు రంగు కూడా పడదు. కోన్ కొనగానే మోచేతి దగ్గర చిన్న చుక్క పెట్టి రెండు రోజులు ఆగండి.

మీ ఫేర్‌వెల్ శుక్రవారమైతే ఇట్లా రండి. ముందటి శుక్రవారం వ్యాక్స్, మంగళవారం ఐబ్రోస్, గురువారం రాత్రి గోరింటాకు. కొత్త క్రీముగానీ కొత్త మేకప్‌గానీ ఆ వారంలో మొదలుపెట్టకండి. శుక్రవారం ఉదయం తలస్నానం చేసి, జుట్టు పూర్తిగా ఆరాకే నా దగ్గరికి రండి. పూలు మీరే తెచ్చుకోండి, మల్లెలు ఇంకా మొదలు కావు కాబట్టి కనకాంబరాలు చూడండి.